కాదనే వీలుంటేనే దానం

మామిడి కోతలు ఊపందుకునే రోజుల్లో నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల రైతుల చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. ఏడాదికొక్కసారి కళ్లజూసే డబ్బు అది. పూత నిలవడానికి కొట్టిన మందుల బాకీ, కాపలా మనిషి జీతం, పిల్లల కాలేజీ ఫీజు, పాత అప్పు మీద వడ్డీ, అన్నీ ఆ బంగినపల్లి, రసాలు, కలెక్టర్ కాయల మీదే తీరాలి. చందా అడిగేవాళ్లకీ ఆ సంగతి తెలుసు. శ్రీరామనవమి పందిళ్లతో మొదలైన వసూళ్లు కోతల కాలమంతా సాగి, వినాయక చవితి, దసరా దాటితేగాని సద్దుమణగవు. కాయలున్న చెట్టుకే రాళ్ల దెబ్బలంటారు. కాపు సరిగ్గా లేని ఏడాది కూడా ఇక్కడ ఆ దెబ్బలు తప్పడం లేదు.

అరుగు మీదైనా, కాటా దగ్గరైనా నలుగురు కలిస్తే ఈ మాట వస్తోంది: "ఇచ్చి ఇచ్చి విసిగిపోయాం." దీన్ని పిసినారితనం కింద కొట్టిపారెయ్యడం తప్పు. ఇవ్వడం మానేద్దామని ఎవరూ అనడం లేదు. అశోకా విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రం 2020-21 కాలానికి దేశవ్యాప్తంగా చేసిన సర్వేలో 87 శాతం కుటుంబాలు ఏదో ఒక రూపంలో దానం చేసినట్టు తేలింది. మొత్తం విలువ సుమారు 23.7 వేల కోట్ల రూపాయలు. అందులో పెద్ద వాటా మత సంస్థలకే వెళ్లింది. కోవిడ్ కమ్ముకున్న కాలంలోనే ఇంత ఇచ్చిన జనాన్ని చెయ్యి రాని జనం అనలేం. వాళ్ల కోపం అడిగే తీరు మీద, లెక్క చెప్పని తీరు మీద. కాదనడానికి వీల్లేని చోట జరిగేదాన్ని దానమని పిలవకూడదన్నది ఈ వ్యాసం వాదన.

అడిగేవాళ్లు ఎవరు, ఆయుధం ఏది

ఒక మామూలు రైతు కుటుంబానికి ఏడాది పొడుగునా ఎదురయ్యే చందాలు నాలుగు రకాలు. మొదటిది ఊరి చందా: గుడి శిఖరం, చర్చి ప్రహరీ, మసీదు మరమ్మతు, జాతర, అన్నదానం. ఇది మొహమాటం మీద నడుస్తుంది. రెండోది వీధి చందా: చవితి పందిళ్లు, కుర్రాళ్ల క్రికెట్ పోటీలు. ఇందులో మొహమాటానికి కొంత భయం కూడా తోడవుతుంది. మూడోది బయటి చందా: ఆటోకి మైకు కట్టుకుని అనాథాశ్రమం పేరు చెప్పేవాళ్లు, బస్సెక్కి ఒళ్లో కాగితాలు పెట్టేవాళ్లు, ఫోన్ తెరిస్తే ఆస్పత్రి మంచం మీది పసిబిడ్డ మొహం చూపించే ప్రకటనలు. దీని ఆయుధం జాలి. నాలుగోది ఆఫీసు చందా: జీతంలో కోత, బడిపిల్లల చేతికిచ్చే టికెట్లు, రిజిస్ట్రేషన్ పనికి వెళ్తే అంటగట్టే స్టాంపులు. ఇక్కడ అవతలివాళ్ల చేతిలో మన పని ఉంటుంది కాబట్టి నోరు పెగలదు.

ఊరి చందా ఎలా నడుస్తుందో తెలియాలంటే చందా పుస్తకాన్నే దగ్గరగా చూడాలి. మొదటి పేజీ ఎప్పుడూ పెద్దవాళ్లదే. సర్పంచిగారో, ఎగుమతి వ్యాపారిగారో రాసిన పదివేల నూట పదహార్లు అక్కడ కనబడతాయి. ఆ డబ్బు ముట్టిందా లేదా అన్నది పుస్తకం చెప్పదు. పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాకే నోరు విప్పుతారు. పదిమంది వస్తారు, అందులో ఇద్దరు బంధువులై ఉంటారు.

"బాబాయ్, మీ స్థాయికి ఐదొందలేంటి? పక్కింటోళ్లే వెయ్యిన్నూట పదహార్లు రాశారు."

"ఈసారి కాయ లేదురా. ఉన్నదానికి రేటు లేదు."

"అయితే రాసేస్తున్నాం బాబాయ్. డబ్బులు నిదానంగా ఇద్దురుగాని."

అంతే. ఇవ్వాలా వద్దా అన్న మాటే రాలేదు. ఎంత అన్నదగ్గరే బేరం మొదలైంది, అప్పు కింద ముగిసింది. పండగనాడు మైకులో పేర్లూ అంకెలూ చదువుతారు. పెద్ద అంకెకి చప్పట్లు. చిన్న అంకె చదివినప్పుడు గొంతు తగ్గుతుంది. చదవని పేరు ఎవరిదో ఊరందరికీ తెలుస్తుంది. ఇంతకుముందు చేతిలో చిల్లర లేదని తప్పించుకునే దారి ఉండేది. క్యూఆర్ కోడ్ అట్ట వచ్చాక అదీ మూసుకుపోయింది.

వీధి చందా ఇంకో అడుగు ముందుకేసింది. చవితికి ముందు రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకుని బళ్లు ఆపడం మన జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. లోడు దించి తిరిగొచ్చే ట్రాలీ ఆటో డ్రైవరు ఊరూరా ఆగి యాభై, వంద ఇచ్చుకుంటూ పోతే ఆ రోజు కూలిలో ఏం మిగులుతుంది? తాడు పట్టుకున్నది చిన్నపిల్లలైతే ప్రమాదం వాళ్లకే. మనిషిని దారిలో అడ్డుకోవడం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం. భయపెట్టి డబ్బు గుంజడం 308వ సెక్షన్ కిందికి వస్తుంది. 2024 జులై 1 నుంచి ఈ చట్టం అమల్లో ఉంది. దానికి ముందు శిక్షాస్మృతిలోనూ ఇవి నేరాలే. అయినా దేవుడి పేరు చెప్పేసరికి ఫిర్యాదు ఇచ్చేవాడు ముందుకు రాడు.

జమీందారు నుంచి ఇంటింటికీ

ఈ ప్రాంతంలో ఒకప్పుడు ధర్మకార్యాల ఖర్చులో పెద్దపాలు నూజివీడు జమీందార్లది. ఆగిరిపల్లి శోభనాచలస్వామి ఆలయం వాళ్ల ఆదరణలో వెలిగింది. ధర్మ అప్పారావు పేరు నేటికీ నూజివీడు కాలేజీ మోస్తోంది. ఆ దానం వెనక రైతులు కట్టిన శిస్తు ఉందన్న మాటా నిజమే. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి. రైతుకి భూమి మీద హక్కు దక్కింది, అది మంచిది. దాంతోపాటు ఒకరు మోసిన ధర్మఖర్చు వేలాది గడపల మీద పడింది. గడపలకి పంచే పద్ధతి మాత్రం ఎవరూ ఏర్పాటు చెయ్యలేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు పుస్తకం అచ్చు వేయించుకున్నారు.

వ్యాపారంలో ధర్మం పేరుతో కోత పెట్టడం ఇంకా పాతది. 1928లో నివేదిక ఇచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్, మార్కెట్లలో రైతు సొమ్ములోంచి కాటా, దళారీ, హమాలీ ఖర్చులతోపాటు ధర్మాదాయం పేరుతోనూ విరగ్గోస్తున్నారని ఎత్తిచూపింది. ఏ ధర్మానికి పోతోందో రైతుకి తెలియదు, వద్దనే అవకాశమూ లేదు. 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం లాంటివి ఇలాంటి కోతల్ని అదుపు చెయ్యడానికే వచ్చాయి. హాత్రస్‌లోని బిజ్లీ కాటన్ మిల్స్ కేసులో 1979లో సుప్రీంకోర్టు ముందుకి ఇదే సంగతి మరో రూపంలో వచ్చింది. కొనుగోలుదార్ల దగ్గర బిల్లులో ధర్మాదా కింద వేరుగా తీసుకున్న సొమ్ము మిల్లు ఆదాయం కాదని, అది ధర్మానికే చెందుతుందని కోర్టు చెప్పింది. పన్ను తగాదాలో వచ్చిన ఈ తీర్పు చందా పుస్తకానికీ వర్తించాల్సిన నీతి చెబుతోంది. ధర్మం పేరుతో చేతికొచ్చిన సొమ్ముకి పట్టుకున్నవాడు యజమాని కాడు, కాపలాదారు మాత్రమే. కాపలాదారు లెక్క చెప్పి తీరాలి.

సర్కారు అడిగితే

పొరుగువాడు అడిగితే మొహమాటం. ప్రభుత్వం అడిగితే ఆ మొహమాటానికి అధికారం తోడవుతుంది. 1997 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జన్మభూమి కార్యక్రమంలో శ్రమదానం, ప్రజల వాటా ముఖ్యం. కొన్ని ఊళ్లు నిజంగా బాగుపడ్డాయి. పని కావాలంటే వాటా కట్టాల్సిందే కాబట్టి లేనివాడు కూడా కట్టాల్సి వచ్చిందన్న విమర్శ కూడా అప్పుడే వినిపించింది. 2015లో రాజధాని కోసం పది రూపాయలకో ఇటుక పద్ధతిలో విరాళాలు పిలిచారు. ఇష్టమున్నవాళ్లు ఇచ్చారు, లేనివాళ్లు ఊరుకున్నారు. వ్యవహారం ఆన్‌లైన్ కాబట్టి గుమ్మంలోకి వచ్చి నిలబడినవాడు లేడు.

2025 ఉగాది నాడు, మార్చి 30న, రాష్ట్ర ప్రభుత్వం పీ4 కార్యక్రమం ప్రారంభించింది. సమాజంలో పైనున్న పది శాతం మంది మార్గదర్శులుగా, అడుగునున్న ఇరవై శాతం బంగారు కుటుంబాలకి అండగా నిలవాలన్నది దాని ఉద్దేశం. ఆలోచన పెద్దదే. అయితే ఆ కుటుంబాల దత్తత బాధ్యత తమ నెత్తిన రుద్దుతున్నారని ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఎవరినీ బలవంతం చెయ్యబోమని, ఇది స్వచ్ఛందమేనని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. స్వచ్ఛందమని జీవోలో రాసినంత మాత్రాన సరిపోదు. జిల్లాకింత, మండలానికింత అని లక్ష్యం పెట్టినప్పుడు కింది ఉద్యోగికి ఆ మాట వేరుగా వినిపిస్తుంది.

2018లో కేరళ వరదల తర్వాత ఇదే తగువు కోర్టుకెక్కింది. ఉద్యోగులు నెల జీతం సహాయనిధికివ్వాలని, ఇవ్వనివాళ్లు ఇవ్వబోమని రాసివ్వాలని ప్రభుత్వం అడిగింది. రాసివ్వాలన్న షరతుని హైకోర్టు నిలిపివేసింది. ఆ ఏడాది అక్టోబరులో ఆ ఉత్తర్వులో జోక్యానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇవ్వలేనివాడు ఇవ్వలేనని రాసిచ్చి తనను తాను ఎందుకు అవమానించుకోవాలన్నది అక్కడ తేలిన అసలు ప్రశ్న. మైకులో పేర్లు చదివే ప్రతి కమిటీ తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్నా అదే.

చదువు దగ్గర ఈ సమస్య మరీ ముదిరితే శాసనసభే కదలాల్సి వచ్చింది. సీటుకి బదులు విరాళం గుంజడాన్ని ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసి నిషేధించింది. అక్కడ ఆశయం విద్య కావచ్చు, రసీదు మీద విరాళమని ఉండొచ్చు. బిడ్డ సీటు పణంగా పెట్టి అడిగాక అది విరాళం కాదని నలభై ఏళ్ల కిందటే మన చట్టం ఒప్పుకుంది.

ఒత్తిడితో ఏం దక్కుతుంది

ఒత్తిడి పెడితే డబ్బు వస్తుంది. ఇందులో సందేహం లేదు. ఆ డబ్బు ఏ మనసుతో వస్తుందో పరిశీలించిన రెండు అధ్యయనాలు ఉన్నాయి. అమెరికాలో షికాగో దగ్గర డెల్లావిన్యా, లిస్ట్, మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు ఇంటింటి విరాళాల మీద చేసిన ప్రయోగం ఫలితాలు 2012లో వచ్చాయి. ఫలానా వేళకి వస్తామని ముందుగా తలుపుకి చీటీ తగిలిస్తే, తలుపు తీసినవాళ్లు 9 నుంచి 25 శాతం దాకా తగ్గారు. మమ్మల్ని కదపొద్దు అని టిక్కు పెట్టే గడి కూడా ఆ చీటీలో ఉంచితే, విరాళాలు 28 నుంచి 42 శాతం పడిపోయాయి. అంటే, అంతకుముందు ఇచ్చినవాళ్లలో చాలామంది తప్పించుకునే దారి లేక ఇచ్చినవాళ్లే. బోస్టన్ ప్రాంతంలో ఒక సూపర్ మార్కెట్ గుమ్మాల దగ్గర ఆండ్రియోనీ బృందం చేసిన మరో ప్రయోగంలో, నోరు తెరిచి అడిగితే విరాళం బాగా పెరిగింది. అయితే వచ్చేవాళ్లలో దాదాపు మూడోవంతు మంది అడిగేవాళ్లు లేని గుమ్మం వెతుక్కుని పోయారు. చందావాళ్లని చూసి పెరటిదారి పట్టే మనవాళ్లు వింతమనుషులేం కాదు.

లక్ష్యం పెట్టుకుని దానం రాబడితే ఏమవుతుందో మన గడ్డ మీదే ఒక పెద్ద పాఠం ఉంది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చారు. భూదానం అక్కడ పుట్టింది. అది మనసులోంచి వచ్చిన దానం. తర్వాత ఉద్యమం దేశమంతటా ఐదు కోట్ల ఎకరాల లక్ష్యం పెట్టుకుంది. ప్రకటించిన భూమి ఆ లక్ష్యంలో పదోవంతు కూడా చేరలేదు. అందులోనూ రాళ్ల నేలలు, తగాదా భూములు బోలెడు. పెద్దమనిషి ఎదురుగా నిలబడి అడిగితే లేదనలేక, పనికిరానిది అంటగట్టినవాళ్లు ఉన్నారు. పేదవాడికి అలాంటి భూమి పట్టా చేతికొచ్చినా కడుపు నిండలేదు. ఒత్తిడికి లొంగి ఇచ్చినవాడు అక్కరకి రానిదే ఇస్తాడు. ఇచ్చేశాం కదా అని తర్వాత దాని మొహం చూడడు.

బ్రిటన్‌లో ఇదే విషయం దేశాన్ని కుదిపింది. 2015లో బ్రిస్టల్‌లో ఓలివ్ కుక్ అనే 92 ఏళ్ల వృద్ధురాలు మరణించింది. జీవితమంతా మాజీ సైనికుల కోసం ఎర్రపూలు అమ్మి విరాళాలు పోగుచేసిన మనిషి ఆమె. చారిటీల నుంచి ఆమెకి లెక్కలేనన్ని ఉత్తరాలు, ఫోన్లు వచ్చేవని బయటపడింది. ఆమె మరణానికి చారిటీలు కారణం కాదని కుటుంబమే చెప్పింది. ఆ ఒత్తిడి మాత్రం నిజమని విచారణలో తేలింది. మరుసటి ఏడాది విరాళాల సేకరణకి కొత్త నియంత్రణ సంస్థ ఏర్పడింది. 2017లో, ఫలానా సంస్థ ఇక నన్ను అడగొద్దు అని పౌరుడు ఒక్కసారి చెబితే చాలనే ఏర్పాటు వచ్చింది. ఇంటింటి వసూళ్లకి లైసెన్సు ఉండాలని 1939 నుంచే అక్కడ చట్టం ఉంది.

అంత దూరం పోనక్కర్లేదు. మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టం 41సీ సెక్షన్ ప్రకారం గణేశ్ మండళ్లు వసూళ్లకి చారిటీ కమిషనర్ అనుమతి తీసుకుంటాయి, తర్వాత లెక్క ఇవ్వాలి. మన ఊళ్లలో పందిరికి పోలీసు అనుమతి అడుగుతాం, మైకు వేళలు అడుగుతాం, నిమజ్జనం దారి అడుగుతాం. వసూలైందెంత, ఖర్చెంత, మిగిలిందెంత అని అడిగేవాడు లేడు.

అడిగేవాళ్ల మాట కూడా వినాలి

అడగందే అమ్మయినా పెట్టదంటారు కమిటీవాళ్లు. ఆ మాటలో బలముంది. గుడి కట్టడానికి, బడికి గది వెయ్యడానికి తమ పనులు మానుకుని తిరిగేది వాళ్లే. తిట్లు తినేదీ వాళ్లే. దేవాదాయ శాఖ సర్వశ్రేయో నిధి లాంటి వాటి నుంచి ఆలయానికి గ్రాంటు రావాలంటే ఊరి వాటా ముందు చూపించమంటారు. ఆ వాటా ఎక్కణ్నుంచి తేవాలి? అడగకుండా తెలుగునేల మీద ఏ పెద్దపనీ జరగలేదన్నది కూడా నిజం. 1921 మార్చి ఆఖరున నూజివీడుకి దగ్గర్లోని బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశమై, తిలక్ స్వరాజ్య నిధికి జూన్ 30 లోగా కోటి రూపాయలు పోగుచెయ్యాలని తీర్మానించింది. ఆడవాళ్లు ఒంటిమీది నగలు తీసిచ్చారు. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటివాళ్లు జోలె పట్టి వీధుల్లో నడిచారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచితే ఊళ్లనుంచి అన్నం పొట్లాలు కట్టుకుని జనం వెళ్లారు.

ఈ మూడుచోట్లా అడగడం ఉంది. విసుగు మాత్రం రాలేదు. కారణాలు వెతకడం కష్టం కాదు. అవసరం కళ్లెదుట ఉంది. అడిగినవాళ్లు తామూ ఇచ్చారు, తామూ నడిచారు. ఏదో ఒకనాటికి ఆ వసూలు ఆగుతుందని అందరికీ తెలుసు. ఇవాళ్టి చందాలో ఈ మూడూ కరవయ్యాయి. నిరుటి పందిరి లెక్క తేలకముందే ఈ ఏటి పందిరి పుస్తకం వస్తుంది. ఒకే వీధిలో మూడు పందిళ్లు లేస్తాయి, మూడు పుస్తకాలు తిరుగుతాయి. మూడోదానికి ఇవ్వనివాడు దేవుడికి వ్యతిరేకి అవుతాడు.

ఈ విసుగుతో నష్టపోయేది ఎవరు? గట్టిగా అడిగే కమిటీకి ఏదోలా డబ్బు ముడుతుంది. అసలు ఆపదలో ఉండి, అడగడానికి సిగ్గుపడే మనిషి దగ్గరికి వచ్చేసరికి మన చెయ్యి ముడుచుకుపోతుంది. తోటలో చెట్టుమీంచి పడి నడుం విరిగిన కూలీ కుటుంబానికి పోవాల్సిన ఐదొందలు డీజే సౌండు బాక్సులకి పోయి ఉంటాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇది.

చెయ్యాల్సినవి

వీటికి కొత్త చట్టాలు రావాలని ఎదురుచూడక్కర్లేదు. మొదటిది, వీధి పుస్తకాలన్నీ మానేసి ఊరికి ఒకటే ఉమ్మడి నిధి పెట్టుకోవచ్చు. ఏడాదిలో ఏ పనులకి ఎంత కావాలో కోతలకి ముందే గ్రామసభలో అనుకుని, ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు. రెండోది, పండగైన నెలలోగా జమాఖర్చులు పంచాయతీ బోర్డు మీద అంటించాలి. నిరుటి లెక్క అంటించని కమిటీకి ఈ ఏడు పందిరి అనుమతి ఇవ్వకూడదు. మూడోది, మైకులో అంకెలు చదవడం ఆపాలి. ఇచ్చినవాళ్లకి కృతజ్ఞత చెప్పడానికి పేరు చాలు. నాలుగోది, రోడ్డు మీద తాడు కట్టడం ఊరి పెద్దలే ఆపించాలి. పిల్లల చేతికి ఆ తాడు ఇచ్చేది పెద్దలే కదా. ఐదోది, జీతంలో కోతకి ముందుగా రాతపూర్వక సమ్మతి కావాలి. అభ్యంతరం చెప్పనివాడు ఒప్పుకున్నట్టే అన్న పద్ధతి పోవాలి. బయటి సంస్థ ఏదైనా సరే రిజిస్ట్రేషన్ నంబరు, రసీదు, సంస్థ పేరుమీది బ్యాంకు ఖాతా చూపించాకే డబ్బు ఇవ్వాలి.

ఇచ్చేవాళ్లు చెయ్యాల్సిందీ ఒకటుంది. కాయ అమ్మిన డబ్బు చేతికొచ్చిన రోజునే, ఈ ఏడు ధర్మానికి ఇంత అని ఇంట్లో కూర్చుని అనుకోవాలి. ఎవరికివ్వాలో కూడా అప్పుడే అనుకోవాలి. అలా అనుకున్న ఇంటివాళ్లు గుమ్మంలో పదిమంది నిలబడ్డా, "మేం ఇవ్వాల్సింది ఇచ్చేశాం బాబూ" అని తలెత్తి చెప్పగలరు. ఆ మాట విన్న కమిటీ కుర్రాళ్లు నొచ్చుకోకుండా నమస్కారం పెట్టి పక్కింటికి పోవాలి. మర్నాడు దారిలో కనబడితే ఎప్పట్లాగే బాబాయ్ అని పలకరించాలి. ఈ రెండు మర్యాదలూ ఊళ్లో కుదిరితే వసూలు మొదట్లో కొంత తగ్గవచ్చు. వచ్చినంత మాత్రం మనసుతో వస్తుంది, అవసరమున్న చోటికి పోతుంది, మళ్లీ ఏడు కూడా వస్తుంది.